కునుకు తీసే బొమ్మ

మట్టి తొక్కడమంటే ఆయనకు ప్రాణం మీదికొచ్చేది. భార్య పల్లె బతుకును మట్టిబొమ్మలుగా చేస్తుంది: నీళ్ళు మోసేవాడు, కట్టెలు కొట్టేవాడు, వాకిలి ఊడ్చేవాడు. మెరుగు పూసి బట్టీలో కాలుస్తుంది. పేరు ఆమెది, మోకాళ్ళ నొప్పి ఆయనది. ఎక్కడ పని చెబుతుందోనని ఆయన బొమ్మల షెడ్డు మొహం చూసి నెలయింది.

ప్రదర్శనకు పన్నెండు బొమ్మలు పంపాలట. గోతిలో మట్టి నానుతోంది. ఆయనకు ఉపాయం తట్టింది.

"ఏమే, ఎదురుగా మనిషుంటే బొమ్మకు జీవం వస్తుందిగా? నన్ను చూసి చెయ్యరాదూ, అలిసి పడుకున్న రైతుని?"

"పొలం దున్నకుండానే అలిసిపోయారా?" నవ్వే ఓపిక కూడా లేదామెకు. "సరే, పడుకోండి."

రెండు రోజులు కళకు సేవ చేశాడాయన. గురక కూడా పెట్టాడు.

"గురక బొమ్మకెక్కదండీ, ఆపండి."

మూడోరోజు పొద్దున్నే లేపింది. "పడుకున్నది అయింది. ఇక నీళ్ళు మోసేవాడు."

ఖాళీ బిందె భుజానికెత్తుకున్నాడు.

"నరం తేలడం లేదు. నింపి తెండి."

తెచ్చాడు. "ఆఁ, తేలింది. ఏదీ, ఇంకోసారి?" నరం సరిగ్గా తేలేసరికి ఇంట్లో తొట్టి నిండింది.

నాలుగోరోజు కట్టెలు. "గొడ్డలెత్తి నిలబడితే చాలదుటే?"

"చెమట ఎటు కారుతుందో చూడొద్దూ?"

ఆరు నెలల వంటచెరుకు పోగుపడింది. ఐదోరోజు చీపురు. పక్కింటి పిన్ని గోడ మీంచి తొంగి చూసి, "మా ఆయన్ని కూడా ఒక్కరోజు బొమ్మకు పిలవవే తల్లీ!" అంది.

ఆరోరోజు నడుం పట్టుకుని మొరపెట్టుకున్నాడు. "నీకో దణ్ణం. మట్టే తొక్కుతాను."

"తొక్కిన మట్టి వెయ్యడానికి గోనెపట్టా షెడ్డులో ఉంది, తెచ్చుకోండి."

వెళ్ళినవాడు గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు. బల్ల మీద పదకొండు బొమ్మలు, బట్టీలో కాలి, మెరుస్తూ. మీద దుమ్ము కూడా పట్టింది.

"ఇవెప్పుడు చేశావ్?"

"పోయిన నెల."

"మరి నాచేత ఇంత చాకిరీ..."

"జీవం వస్తుందన్నారుగా. ఇంటికొచ్చింది." చేతికంటిన మట్టి తుడుచుకుంటూ అంది. "ఒక్కటే తక్కువైంది. అది మిమ్మల్ని చూసే చేశాను."

చివర్న, ఇంకా ఆరని పన్నెండో బొమ్మ. మంచం మీద మనిషి. తన పొట్టే, తన ముక్కే. ఆయనకు కాస్త గర్వమనిపించి వంగి చూశాడు.

"నిద్రపోయేవాడికి ఒక కన్ను సగం తెరిచుందేమిటే?"

"నేను పని చెప్పడానికి వస్తున్నానేమోనని చూస్తున్నాడు. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నానండీ ఆ కన్నుని. చేతికి దానంతటదే వచ్చేసింది."

ఆయన గోనెపట్టా అందుకున్నాడు. ప్యాంటు మోకాళ్ళ పైకి మడుచుకుని గోతిలోకి దిగాడు.