చిరుతను తాకితే శభాష్

ఒక పెద్ద అడవిలో (ఎంత పెద్దదో ఎవరూ కొలవలేదు గానీ) చెట్టుకొక అధికారి ఉండేవాడు. పిల్లలకు మాత్రం ఒకే బడి, ఒకే పంతులమ్మ. ఆవిడ చుక్కమ్మ అనే దుప్పి. బడంటే ఏముంది, చిరుత భుజాలు పట్టని ఓ ఇరుకు గుహ, దాని ముందు కాస్త చదును నేల.

చిరుత వాసన ఎలా ఉంటుందో, గాలి ఎటు వీస్తే ఎటు చూడాలో చుక్కమ్మ చెప్పేది. పిల్లలు అడ్డదిడ్డంగా ప్రశ్నలు వేసినా ఓపిగ్గా వినేది. ఆవిడ కాలితో నేలను టపటపా కొట్టిందంటే అందరూ గుహలో దూరాలి. అదే పరీక్ష. నిరుడు గుహ చేరలేక చిరుత నోట పడ్డ కుందేలు పిల్ల ఇప్పటికీ ఆవిడ కలలోకి వస్తుంది.

విద్యాధికారి జిత్తులయ్య అనే నక్క తనిఖీకొచ్చి మూతి విరిచాడు. లోకం ఎక్కడికో పోతుంటే మనం ఇంకా కాళ్లతో నేల తన్నుకుంటున్నామట. మర్నాడే ఓ స్మార్ట్ బోర్డు మోయించుకొచ్చాడు. అది ఎండ తగిలితే వెలుగుతుంది, ముట్టుకుంటే మాట్లాడుతుంది. పిల్లలు వరసగా వచ్చి బొమ్మల్లో చిరుత ఎక్కడుందో తాకి చూపించాలి. సరిగ్గా తాకితే "శభాష్" అని గంట కొడుతుంది. పొరపాటున జింకను తాకితే "తప్పు. గుహలోకి వెళ్లి మళ్లీ రండి" అంటుంది.

నిజం చెప్పొద్దూ, పిల్లలు ఎగబడి నేర్చుకున్నారు. చుక్కమ్మ కూడా ముచ్చటపడింది. ఇన్నేళ్లూ ఆవిడ మట్టిలో గీసిన చిరుత పిల్లిలాగే ఉండేది పాపం. బొమ్మ చూశాక వాసన సంగతి తాను చెబుతానంటే జిత్తులయ్య ఒప్పుకోలేదు. మధ్యలో పంతులమ్మ మాట్లాడితే పిల్లల ధ్యాస చెదురుతుందట. ఇక ఆవిడకు మిగిలిన పని బోర్డు మీద దుమ్ము తుడవడం.

కొన్ని నెలలకు తన ఘనత చూపించుకుందామని జిత్తులయ్య అడవి పెద్దలందరినీ బడికి పిలిచాడు. సరిగ్గా అప్పుడే పొదలోంచి నిజం చిరుత బయటికొచ్చింది. పెద్దలు పెద్దరికం అక్కడే వదిలేసి తలోదారి పట్టారు. పిల్లలు మాత్రం బుద్ధిగా దాని ముందు వరస కట్టారు. అందరికంటే ముందు జిత్తులయ్య కొడుకే. తిండి తనంతట తానే వరసలో రావడం చిరుత పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

చుక్కమ్మ నేలను టపటపా కొట్టింది. ఒక్కరూ కదల్లేదు, ఆ చప్పుడు మరిచిపోయి చాలాకాలమైంది. దూరంగా ఇంకో పొద చాటునుంచి జిత్తులయ్య తన కొడుకును పిలిచాడు.

"ఆగు నాన్నా, నా వంతు పోతుంది," అంటూ వాడు పంజా చాచాడు.

అప్పుడు చుక్కమ్మ గొంతు సవరించుకుని, రోజూ వినే ఆ బోర్డు గొంతుతోనే అంది: "తప్పు. గుహలోకి వెళ్లి మళ్లీ రండి."

పిల్లలంతా ఉసూరుమంటూ గుహలో దూరారు. ఆఖరున చుక్కమ్మ కూడా ఒదిగి దూరింది. చిరుత తేరుకునేసరికి ఇరుకు గుమ్మంలో తల గోక్కోవడం తప్ప దానికేమీ మిగల్లేదు.

మర్నాడు పెద్ద సభ. బోర్డే తన కొడుకు ప్రాణం కాపాడిందని జిత్తులయ్య కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. బోర్డుకు పూలదండ వేశారు. పాఠం మధ్యలో మాట్లాడినందుకు చుక్కమ్మను సంజాయిషీ అడిగారు.

నీతి కావాలంటే తీసుకోండి: మంచి బోర్డు ఒక్కటుంటే పిల్లలకు ఏ ఆపదా రాదు, పక్కన దాని గొంతుతో మాట్లాడే పంతులమ్మ ఉండాలి, అంతే.