చేతి మెషీన్‌కి ఇంకాస్త దమ్ము కావాలి!

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఏమిటో ముందే చెప్పేస్తాను. నిద్రపోతున్న నా పాప ఊపిరి తీసుకోవడం మానేస్తుందేమోనని. అంతే. దొంగలన్నా భయం లేదు, ఇంటి ఓనరన్నా భయం లేదు.

అందుకే చేత్తో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్ల కంపెనీల వాళ్లకి దండం పెట్టి అడుగుతున్నాను. అయ్యా, వాటి పవర్ ఇంకా పెంచండి!

పదో తరగతి మధ్యలో బడి మానేసినదానికి ప్రాసెసర్ల సంగతెందుకు అంటారా? మా ఆయనతో కాపురం చేసి చూడండి, మీకూ వచ్చేస్తుంది. ఆయన పగలంతా లిఫ్టులు రిపేరు చేస్తాడు. ఇంటికొచ్చాక లోకాన్ని రిపేరు చేస్తాడు, స్క్రీన్ మీద. ఆయనా, ఆయన స్నేహితుడూ ఫోనెత్తితే ఒకటే వాదన. పవర్ పెంచితే సీరియస్ గేమర్లు చేతి మెషీన్ వైపు చూస్తారా, లేక టీవీకి తగిలించే పెద్ద పెట్టె దగ్గరే కూర్చుంటారా?

"అసలైన గేమర్ అరచేతిలో ఆడడురా," అంటాడు స్నేహితుడు.

"పవర్ ఇచ్చి చూడమను, ఎందుకు ఆడడో నేనూ చూస్తా!" అని మా ఆయన తొడ కొడతాడు. మా పెళ్లి చూపుల్లో కూడా అంత పట్టుదలగా మాట్లాడలేదు.

ఈ గొడవలో నా ఓటు మా ఆయనకే. ఎందుకో వినండి.

పవర్ పెరిగితే వేడి పెరుగుతుంది. వేడి పెరిగితే లోపలున్న ఫ్యాను జోరుగా తిరుగుతుంది. అది "హూఁ..." అంటుంటే మా పాప నిద్రపోతుంది! నేను జోల పాడితే 'ఎప్పుడాపుతావమ్మా' అన్నట్టు చూసే పిల్ల, ఆ రొద వినగానే సోలిపోతుంది. పాత మెషీన్ చడీచప్పుడూ లేకుండా ఉండేది, దండగమారిది. కొత్తది వచ్చాకే కదా నాకు సైన్సు విలువ తెలిసింది!

అప్పట్నుంచి మా ఇంట్లో ఇదే పద్ధతి. బాగా బరువైన యుద్ధం గేమొకటి పెట్టి, సౌండు తీసేసి, మెషీన్‌ని పాప తల దగ్గర పెడతాం. అక్కడ సైన్యాలకి సైన్యాలే కూలిపోతుంటాయి. ఇక్కడ మేడమ్ గారు గుర్రు పెడుతుంటారు. ఇంతకన్నా అంకితభావం ఉన్న గేమర్ని ఏ కంపెనీ చూసి ఉంటుంది చెప్పండి!

ఇక నా ఆట వేరే. వెళ్తూ వస్తూ పాప ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూడటం. పొయ్యి మీద గిన్నె పెట్టి ఒకసారి, దించి ఒకసారి. నిద్రపోతోందో లేదో తెలుసుకోవడానికి పిల్లని లేపేసే రకాన్ని నేను. దీనికి కప్పులూ మెడల్సూ ఉంటే మా ఇంట్లో చోటు చాలేది కాదు.

మొన్న మధ్యాహ్నం ఆయనకి సెలవు. "మేడమ్‌ని నేను చూసుకుంటా, నువ్వు బట్టల పని చూసుకో," అన్నాడు. ఉతుకుతూ ఉతుకుతూ ఉండబట్టలేక, తడి చెయ్యి తుడుచుకుని గదిలోకి వెళ్లాను. కర్టెన్లు వేసి చీకటిగా ఉంది. నేల మీద పరుపు, చుట్టూ దిండ్ల గోడ. గోడ అవతలికి చెయ్యి పెట్టాను.

వెచ్చగా, మెత్తగా, ఆగకుండా ఊపిరి! అబ్బ, ప్రాణం లేచొచ్చింది. "నా బంగారు తల్లి," అని దిండు మీదే ఓ ముద్దు పెట్టి వచ్చేశాను.

ఓ చొక్కా పిండుతుంటే అప్పుడు తట్టింది. ఊపిరంటే తీసుకోవడం, వదలడం కదా? అది వదలడమే తప్ప తీసుకోవడం లేదే!

పరిగెత్తాను. దిండ్ల వెనక మెషీన్ ఒక్కటే ఉంది, వేడిగాలి ఊదుకుంటూ. పాప లేదు.

నా కేకకి ఆయన ముందు గదిలోంచి ఫోనుతో సహా వచ్చాడు. "పాప నీ దగ్గర లేదా?"

"మీ దగ్గర లేదా?"

"ఏంట్రా, ఏమైంది?" అని ఫోన్లో స్నేహితుడు.

తలుపు వెనక దొరికింది. ఆయన పనిముట్ల సంచి పక్కన దర్జాగా కూర్చుని ఉంది. పిడికిట్లో ఇనప నట్టు. నోరు తెరిచే ఉంది. లాక్కున్నాను. ఇంకో నిమిషం ఆ చొక్కానే పిండుతూ ఉండుంటే ఏమయ్యేదో నేను రాయలేను.

కాసేపటికి ఆయన అన్నాడు, "నువ్వొచ్చి చూసెళ్లావుగా. చూసిన నీకే తెలియకపోతే, చూడని నాకెలా తెలుస్తుంది?"

నిజమే! మెషీన్‌కి ఊపిరి ఆడుతోందో లేదో చూసి, నిశ్చింతగా వెళ్లిపోయినదాన్ని నేనే కదా.

"అయినా భయపడే డ్యూటీ నీదేగా," అన్నాడు నన్ను నవ్వించడానికి. "ఇద్దరం భయపడుతూ కూర్చుంటే ఇల్లెలా నడుస్తుంది?"

నవ్వాను కూడా. మిగతా బట్టలు మాత్రం పాపని చంకనేసుకునే ఆరేశాను.

కాబట్టి కంపెనీల వారూ, పవర్ పెంచండి, తప్పకుండా పెంచండి. గేమర్లు వస్తారో రారో గానీ, ఆ భయపడే డ్యూటీలో సగం మోసే మెషీన్ ఎప్పుడైనా చేస్తే మొదట కొనేది నేనే.

ఈలోగా చదివేవాళ్లని ఒకటి అడుగుతాను. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఓ పసిబిడ్డ తల్లి ఉంటుంది. ఎవరెళ్లినా బిడ్డనే చూసొస్తారు. మీరు వెళ్లి ఆవిణ్ణి చూడండి. "నేనిక్కడ కూర్చుని పాపని చూస్తుంటా, నువ్వు కాసేపు కళ్లు మూసుకో," అనండి. అక్కర్లేదంటుంది. మీరు మాత్రం లేచి రాకండి.