టీ గంటకు దొరికిన శాసనం

ఇంగ్లండులోని కంబ్రియా కొండల నడుమ రోమన్ కోట తవ్వకాలు ఈ ఏడు కూడా దిగ్విజయంగా ముగిశాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. పన్నెండు కుండపెంకులూ, ఒక గుర్రపు నాడా దొరికాయి. నాడా పక్క పొలంలోని గుర్రానిదేనని తేలినా, దాని పనితనాన్ని అందరూ మెచ్చుకున్నారు.

పోస్టాఫీసులో రిటైరైన హిల్డా థ్రెల్‌కెల్డ్ పదకొండు వేసవులుగా ఈ గోతుల్లో, వానలో, మోకాళ్లమీద కూర్చుని తాపీతో మట్టి గీకుతోంది. దొరికినవన్నీ గులకరాళ్లే. మోకాళ్లు ఇక పనికిరావని వైద్యుడు తేల్చేశాడు. ఇదే ఆఖరి వేసవి, ఇదే ఆఖరి రోజు. ఒక్కటంటే ఒక్క వస్తువైనా తన చేత్తో బయటపడాలని పాపం ఆవిడ ఆశ.

సాయంత్రం నాలుగవడానికి అయిదు నిమిషాలుండగా బయటపడింది. చెక్కిన రాయి, దానిమీద రెండు వరసల అక్షరాలు. ఈ కోట పేరేమిటో తెలియక పండితులు ఇన్నేళ్లూ జుట్టు పీక్కుంటున్నారు. ఆ పేరు ఇప్పుడు ఆవిడ తాపీ కింద సగం కనిపిస్తోంది. హిల్డాకు కళ్లనీళ్లు తిరిగాయి. అంతలో టీ గంట మోగింది.

గంట మోగాక తవ్వడం అనాగరికం. హిల్డా వెళ్లి క్యూలో ముప్పైరెండో మనిషిగా నిలబడింది. తవ్వకాల అధిపతి ప్రొఫెసర్ పెరెగ్రిన్ యాష్‌బీ వీడ్కోలు ఉపన్యాసం అందుకున్నాడు. సాయంత్రానికల్లా పొలం గొర్రెలకు అప్పగించాలి కనుక, డ్రైవరు కీత్ యంత్రంతో గోతులు పూడ్చడం మొదలుపెట్టాడు.

యంత్రం తన గోతివైపే వస్తోందని హిల్డా చూసింది. ఉపన్యాసానికి అడ్డు తగలడం బాగుండదు. క్యూ వదలడం అంతకన్నా బాగుండదు. కీత్‌తోనేమో పరిచయం లేదు. క్యూలో తన ముందున్న నార్మన్‌కు నెమ్మదిగా విషయం చెప్పింది.

"అయ్యో, ఎంత పని జరిగిందండీ," అన్నాడు నార్మన్. "చివర్లో ప్రశ్నలకు టైమిస్తారుగా, అప్పుడు చెయ్యెత్తండి."

ఎత్తింది. అంతకుముందే నలుగురు ఎత్తి ఉన్నారు. ఆవిడ వంతు వచ్చేసరికి కీత్ నేల చదును చేసి గడ్డి విత్తనాలు కూడా చల్లేశాడు.

"ఆ గోతిలో అక్షరాల రాయి ఉందండీ," అంది హిల్డా.

"ముందే చెప్పొచ్చు కదమ్మా?"

"మీరు మాట్లాడుతున్నారు కదండీ."

ప్రొఫెసరు మనసు కరిగిపోయింది. మళ్లీ తవ్వాలంటే అనుమతికి ఆరేళ్లు పడుతుంది గనుక, ఆవిడ మర్యాదను కొనియాడుతూ అక్కడికక్కడే తీర్మానం చేశారు. టీకి వెళుతూ గోతిలో రాయిని తామూ చూశామని అప్పుడు ఒక్కొక్కరే ఒప్పుకున్నారు. ఎవరో ఒకరు చెబుతారులే అనుకున్నారట.

ప్రొఫెసరు కాగితం తీసి, ప్రశ్నల తర్వాత చదవాలని దాచుకున్న ఆఖరి వాక్యం చదివాడు. "అంతటి మహాసామ్రాజ్యం అందరూ చూస్తుండగానే ఎలా కూలిపోయిందన్నది, మిత్రులారా, ఎంత తవ్వినా అంతుబట్టడం లేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. హిల్డా కూడా కొట్టింది.