అద్దాల పెట్టెలో సారమ్మ కాగితం

ధన్నూర పక్కనున్న పాత మిలిటరీ విమానాల మైదానానికి చరిత్ర ఇస్తామని మంత్రి అంబాదాస్ గారు ప్రకటించారు. అంతవరకు అది చరిత్ర లేకుండానే పడి ఉంది. దాని రన్‌వే మీద మేము కందులు ఎండబోసుకునేవాళ్లం. చరిత్రకు అడ్డమని మంత్రిగారు ముందు కందులు ఎత్తించారు. దూరదృష్టి అంటే అది.

మ్యూజియం కట్టారు. లోపల పెట్టడానికి ఏమీ దొరకలేదు. విమానాలు డెబ్బై ఏళ్ల కిందే వెళ్లిపోయాయి. మిగిలిన ఇనుము హుమ్నాబాద్ పాత సామాను దుకాణాలకు చేరింది. మ్యూజియం ఆఫీసర్ శ్రీశైల్ గారు పాత వస్తువుల కోసం ఇల్లిల్లూ తిరిగి, మా పక్కింటి సారమ్మ దగ్గర ఆగారు.

సారమ్మ బైబిల్లోంచి ఒక ఉర్దూ కాగితం తీసింది.

"నిజాం జమానాల మా మామ జమీన్ తీసుకున్నరు సారూ. విమానాలు బందైనంక వాపస్ ఇస్తమని రాసిచ్చిండ్రు. ఎనిమిదెకరాలు. నలభై ఏండ్ల సంది ఆఫీసుల సుట్టు తిరుగుతున్న."

"ఇటియ్యమ్మా. మంత్రిగారికే సూపిస్త."

"మల్ల ఇస్తవు గద బిడ్డా?"

"సర్కార్ చేతిల పెడుతున్నవ్. భయమెందుకు?"

కాగితం తమకు ముట్టినట్టు రాసుకోవాలని ఒక ఫారం మీద ఆమె వేలిముద్ర కూడా వేయించుకున్నారు. పద్ధతి గల మనిషి.

ప్రారంభం రోజున కాగితం అద్దాల పెట్టెలో ఉంది. పైన లైటు. పక్కన మా రాష్ట్ర భాష కన్నడలో అనువాదం, బంగారు అక్షరాల్లో. మంత్రిగారు మైకులో చదివారు. విమానాలు ఆగిన నాడు ఈ ఎనిమిది ఎకరాలు రైతుకు తిరిగి ఇస్తామని అందులో ఉంది. తిరిగి ఇస్తామన్న మాట ఆయన రెండుసార్లు చదివారు. జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా సారమ్మ కొట్టింది.

"ఇన్నవా సిద్ధప్పన్నా? మంత్రే సదివిండు!"

"ఇన్న," అన్నాను.

మర్నాడు ఆమెకు తోడుగా భూముల ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా నాగేశ్ కుర్చీ వేశాడు.

"నిన్న నేను సుత చప్పట్లు కొట్టినమ్మా. జమీన్ మీదే, డౌటే లేదు. అసలు కాగితం తేండ్రి, ఇయ్యాల్నే ఫైల్ పెడత."

"అద్దాల పెట్టెల ఉన్నది గదయ్యా!"

"అయితే తెచ్చుకోండ్రి."

మ్యూజియానికి వెళ్లాం. శ్రీశైల్ గారు లేచి నిలబడి నమస్కారం పెట్టారు.

"నా కాగితం నాకియ్యి బిడ్డా. ఆఫీసుల అడుగుతున్నరు."

"తీస్తే ఎట్లమ్మా? అది చరిత్ర. ఎంతసేపన్న సూసుకోండ్రి, మీకు టికెట్ అక్కర లేదు."

ఓపికగా పెట్టె కింది ఇత్తడి పలక చూపించారు. సారమ్మకు చదువు రాదు. నేను అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాను.

"ఏం రాసిండ్రన్నా?"

"నీ పేరున్నది."

"పేరు ముంగట ఏమున్నది?"

"దాత."