మంత్రిగారి ఇసుక పరీక్ష

భూమిని మించిన ఫిల్టర్ ఈ భూమ్మీదే లేదని మా జలవనరుల మంత్రిగారు ప్రకటించారు. కాబట్టి రంగుల ఫ్యాక్టరీ తన కాంపౌండులోనే గుంట తవ్వుకుని, వాడేసిన నీళ్లు అందులో వదిలేసుకోవచ్చట. మట్టిలోంచి దిగేసరికి రంగూ మందూ అన్నీ పైనే ఆగిపోతాయట. ఎంత చదువుకున్నా ఇంత ధైర్యం అందరికీ రాదు.

ఆ కాంపౌండు గోడకు ఇవతలే మా పిన్ని లాండ్రీ. ఆవిడ బతుకంతా లాండ్రీ పెరట్లోని బావి మీదే. "నీళ్లకు రంగొస్తే నాకు తెల్లబట్టలు ఎవడేస్తాడ్రా?" అంటూ, మంత్రిగారు ఆ మాట రుజువు చేసి చూపిస్తామన్న సభకు వచ్చి ముందు వరసలో కూర్చుంది. నన్నూ లాక్కొచ్చింది.

వేదిక మీద నిలువెత్తు గాజు గొట్టం, దాన్నిండా ఇసుక. మంత్రిగారు స్వహస్తాలతో ఫ్యాక్టరీ నీలినీళ్లు పోశారు. అడుగు కుళాయిలోంచి వెంటనే తేటనీళ్లు కారాయి. ఆయన గ్లాసు పట్టి గటగటా తాగేశారు. నా కళ్లు చెమర్చాయి.

అక్కడితో దిగిపోయుంటే సరిపోయేది. కానీ మైకు చేతికొచ్చాక దిగిపోవడం వారి వంశంలోనే లేదు. పైనుంచి నీలినీళ్లు పోయిస్తూనే పార్టీ పుట్టుక దగ్గర ఎత్తుకున్నారు. తన విదేశీ పర్యటన దగ్గరికొచ్చేసరికి కుళాయిలో లేత నీలం, పర్యటన ముగిసేసరికి చిక్కటి నీలం.

"ఏంటయ్యా ఇది?" అన్నారు, మైకు మూయకుండానే.

గొట్టం అమర్చిన ఇంజినీరుగారు చేతులు కట్టుకున్నారు. "పొడి ఇసుకైతే నీళ్లు దిగడం ఆలస్యం సార్. తమరు ఎదురుచూడలేరని పొద్దున్నే మంచినీళ్లతో తడిపించాను. ఇందాక తమరు తాగింది ఆ నీళ్లే. పైనుంచి పోసినవి వాటిని ముందుకు నెట్టాయి. మనం పోసినవి ఇప్పుడొస్తున్నాయి."

"లేటుగా వచ్చాయి చూశారా? అదీ ఫిల్టర్ గొప్పతనం," అన్నారు మంత్రిగారు తడుముకోకుండా. "పైగా మన పార్టీ రంగే." చప్పట్లు మారుమోగాయి.

పిన్ని లేచింది. సీసాలో తెచ్చుకున్న నీళ్లు గ్లాసులో పోసి వేదిక మీదికి అందించింది. "గొంతెండిపోయి ఉంటుంది, పుచ్చుకోండి బాబూ. మా బావి నీళ్లే. అద్దంలా ఉన్నాయి చూడండి."

మంత్రిగారి చెయ్యి సగంలో ఆగింది. "ఫ్యాక్టరీ గోడ పక్క బావేనా?"

"అదేనండి. మీరింకా పర్మిషనే ఇవ్వలేదు కదా, భయమెందుకు?"

మంత్రిగారు ఇంజినీరు వంక చూశారు. ఇంజినీరు ఫ్యాక్టరీ ఓనరు వంక చూశాడు. ఓనరు తన బూట్ల వంక చూసుకున్నాడు.

"నాకిప్పుడు దాహంగా లేదమ్మా," అన్నారు మంత్రిగారు. దాహాన్ని సైతం అదుపులో పెట్టుకున్న నాయకుణ్ణి నేను చూడటం అదే మొదలు.

పిన్ని గ్లాసు వెనక్కి తీసుకుని, వెలుతురుకేసి ఎత్తి చాలాసేపు చూసింది. ఇంకా తేటగానే ఉంది.