మేకుకు తగిలించిన పెట్టె

ఆ రోజు హేమలత అనుకున్నది చిన్న పనే. సాయంత్రం నాలుగింటికల్లా నలభై తువ్వాలలు, ఒక్కోటి సరిగ్గా అరవై అంగుళాలు. సిరిసిల్లలో నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిస్తున్న ఆమె మామ రాజలింగానికి అదొక లెక్క కాదు. కాకపోతే ఆ రోజు తువ్వాల ఎక్కడ ముగించాలో సాంచాలకు చెప్పేది మనుషులు కాదు. జగిత్యాల పాలిటెక్నిక్‌లో చదివిన హేమలత మూడు నెలలు కూర్చుని తయారుచేసిన ప్రోగ్రామ్ ఉన్న కంప్యూటర్ తెర.

"కోరుట్ల దివాకర్ ఇంట్ల గృహప్రవేశం. ఆయన కొలవంది తీసుకోడు," అన్నాడు రాజలింగం. "సరిగ్గ వచ్చినయా, నీ తెర షెడ్డుల ఉంటది. రాలేదా, అటక మీదికి పోతది. మల్ల నన్ను అడగద్దు."

"సరే మామా," అంది హేమలత.

ఆ తెర మీద ఏమీ రాయనక్కర్లేదు. రంగురంగుల ముక్కల్ని మౌస్‌తో జరిపి ఒకదానికొకటి అతికిస్తే చాలు. నాలుగు సాంచాలకు నాలుగు చట్రాలు, ప్రతి చట్రంలో ‘పొడవు’ అనే పెట్టె. తువ్వాల మొదలవగానే ఖాళీ పెట్టెలో అరవై పడుతుంది, ‘పొడవు + 2’ అనే చీటీ దాన్ని అరవై రెండు చేస్తుంది, తువ్వాల పూర్తికాగానే పెట్టె ఖాళీ అవుతుంది. ఆ రెండు కలపమన్నది రాజలింగమే. "ఎంత పొడవు చెప్పినా రెండు కలుపు బిడ్డా, మన షెడ్డుల గంతే" అన్నాడు. లోకంలో ప్రతిదానికీ ఎందుకు అని అడిగే హేమలత ఆ ఒక్కదానికి మాత్రం అడగలేదు. కుచ్చుల కోసం కాబోలు అనుకుంది.

ముప్పై ఏళ్లుగా సాంచాలు నడుపుతున్న తిరుపతి తెరలోకి తొంగి చూశాడు.

"గీ చీటీల జవాబు ఏడున్నది బిడ్డా?"

"జవాబు ఉండదు కాకా, లెక్కనే ఉంటది. సాంచ అడిగినప్పుడల్లా అప్పటికప్పుడు చేసి చెప్తది."

"మరి ఒక్కటే పేరుతోని నాలుగు పెట్టెలెందుకు?"

"ఎవలది వాళ్లకే. ఒకదాని సంగతి ఇంకోదానికి తెల్వద్దు."

ఈ మాట తిరుపతికి రుచించలేదు. ఆ షెడ్డులో ఏదీ ఎవరి సొంతమూ కాదు. కత్తెర, తాళాలు, కొలిచే టేపు, అన్నీ తలుపు పక్కన ఒకే మేకుకు వేలాడతాయి. దాచుకున్నవాడికి రాజలింగం చేత తిట్లే. అందుకని హేమలత వంటపని మీద ఇంట్లోకి వెళ్లగానే, తిరుపతి మూడు పెట్టెలు చెరిపేసి, మిగిలిన ఒక్కదాన్ని చట్రాలన్నిటి బయటికి లాగి పెట్టాడు. అందరికీ అందుతుంది కదా అని తృప్తిగా వెళ్లి సాంచాలు ఆన్ చేశాడు.

బయటున్న పెట్టె తువ్వాల పూర్తయినా ఖాళీ కాదు, ఖాళీ కాని పెట్టెలో మళ్లీ అరవై పడదు. పొద్దున పడిన అరవై మీద, ఏ సాంచ కొత్త తువ్వాల మొదలుపెట్టినా రెండేసి చేరుతూ పోయాయి. గంట తిరిగేసరికి తొంభై దాటింది. తువ్వాల పంచె దారి పట్టింది.

తిరుపతి గుట్టుగా తెర దగ్గరికి వెళ్లి ముప్పై తీసేశాడు. అవతలి రెండు సాంచాలు చూసుకునే అంజి కూడా తన పంచెలు చూసి జడిసి, గుట్టుగా వచ్చి ముప్పై తీసేశాడు. సాంచాల మోతలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. పైగా తప్పు తనదేనేమోనని ఇద్దరికీ భయం. ఈసారి చేతిరుమాళ్లు వచ్చాయి. తిరుపతి ముప్పై కలిపాడు. అంజి కూడా ముప్పై కలిపాడు.

పదకొండింటికి హేమలత వచ్చి, కుప్పను చూసి, సాంచాలన్నీ ఆపేసింది.

"కాకా, గిదేంది?"

"తువ్వాల."

"మరి గిది?"

"గది గూడ తువ్వాలనే బిడ్డా. నేను ముప్పై తీసిన..."

"అయ్యో, నేను గూడ తీసిన కాకా!" అన్నాడు అంజి.

హేమలతకు ఏడుపు రావాల్సింది, కానీ ముందు ఆశ్చర్యమే వచ్చింది. ఒక పెట్టె చోటు మారితే ఇంత బాగోతమా! కాసేపు కుప్పనూ తెరనూ మార్చి మార్చి చూసి, నాలుగు పెట్టెల్ని నాలుగు చట్రాల్లో మళ్లీ పెట్టింది. ఆ తర్వాత తెర ముందు నుంచి కదల్లేదు. నాలుగింటికి నలభై తువ్వాలలు ఒక్క తీరుగా మడతపడ్డాయి.

దివాకర్ వచ్చి, సంచిలోంచి సొంత టేపు తీశాడు.

"అరవై రెండు," అన్నాడు. ఇంకోటి కొలిచాడు. "గిది గూడ అరవై రెండే."

రాజలింగం అటక వైపు చూశాడు. హేమలత కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా అడిగింది.

"మామా, గా రెండు ఎందుకు కలుపుమన్నరు?"

"ఎందుకేంది? మన టేపు..." అంటూ మేకు మీది టేపు అందుకుని, అక్కడే ఆగిపోయాడు. దాని మొదటి రెండంగుళాలు ఎప్పుడో తెగిపోయాయి. అంకెలు రెండు నుంచే మొదలవుతాయి. దానితో అరవై కావాలంటే అరవై రెండు దాకా కొలవాలి. షెడ్డులో అందరికీ అలవాటైన సంగతే. సాంచకు మాత్రం టేపుతో పనిలేదు, తన కొలత తానే సరిగ్గా లెక్కపెట్టుకుంటుంది.

"గా రెండు టేపుది మామా," అంది హేమలత మెల్లగా. "దాని దగ్గర్నే ఉండాలె. మీరు అందరికి తగిలిచ్చిండ్రు."

ముందుగా తిరుపతి నవ్వాడు. పొద్దుటి నుంచి అతనికి కావలసింది తోడు దొంగే. రాజలింగం కూడా నవ్వక తప్పలేదు. "తప్పు నాదే బిడ్డా. తెర ఉండనీ," అన్నాడు.

"ఎక్కువ వస్తే నేనెందుకు వద్దంట?" అని దివాకర్ నలభై తువ్వాలలూ మూట కట్టుకున్నాడు.

ఆ సాయంత్రం అటక మీదికి టేపు పోయింది. మర్నాడు పొద్దున హేమలత షెడ్డులోకి వచ్చేసరికి, టేపు పోయిన చోట, కత్తెర పక్కనే మౌస్ వేలాడుతోంది.