మహాదేవమ్మ ఇంటి ముందు టెంటు

సోమవారం పొద్దున మల్లేశ్ అనుకున్న పని చాలా చిన్నది. పది గంటలకు పాత కట్టడాల శాఖ ఆఫీసరు వచ్చి మహాదేవమ్మ ఇల్లు చూస్తుంది. నచ్చితే బాగుచేయడానికి సర్కారు నిధులిస్తుంది. ఆమె కూర్చోవడానికి ఇంటి ముందు కాస్త నీడ ఉంటే చాలు.

జహీరాబాద్‌లో దాన్ని బండ్ల ఇల్లు అంటారు. ఒకప్పుడు బీదర్ దారిన బెల్లం బండ్లు తోలేవాళ్లు రాత్రికి అక్కడే ఆగి తినేవాళ్లు. వాళ్లకు రొట్టెలు చేసిపెట్టిన చేతులు మహాదేవమ్మవి. ఇప్పుడు దూలాలకు చెద పట్టింది. ఇంకో వానాకాలం నిలవదు. అందులో ఒక గది అద్దెకు తీసుకున్న మల్లేశ్, తన ఇంట్లో మొదటి డిగ్రీవాడు, ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి ఈ తనిఖీ సాధించాడు.

"నేనంటే పోయేదాన్నే బిడ్డా. ఇల్లు పోవద్దు," అనేది ముసలామె.

టెంట్ హౌస్ సాల్మన్‌కు ఫోను చేశాడు.

"సాల్మనన్నా, మహాదేవమ్మవ్వ ఇంటి ముంగట టెంటు కావాలె. ఒక పెద్ద కుర్చీ గూడ."

"ఎప్పటికి తమ్మీ?"

"ఇప్పుడే. జర జల్ది."

సాల్మన్ ఇంకేమీ అడగలేదు. పెళ్లి టెంటుకైతే జనం ముందే చెప్పి పెట్టుకుంటారు. పొద్దున్నే ఫోను చేసి ఇప్పుడే కావాలంటే, ఎందుకని అడగకపోవడమే ఆ వృత్తిలో మర్యాద. తెల్ల టెంటు పంపాడు. తన తరఫున ఒక గులాబీ దండ కూడా పంపాడు.

మల్లేశ్ ఆఫీసరు జీపుకు దారి చూపడానికి బస్టాండు దగ్గరికి పోయాడు. ఎదురింటి నారమ్మ తెల్ల టెంటు చూసి, తడుపుతున్న జొన్నపిండి అక్కడే వదిలేసి శోకం ఎత్తుకుంది. "నిన్ననే గదనే అక్కా, నా పచ్చట్ల ఉప్పెక్కువైందని తిడితివి!" కిరాణా రేవణసిద్ధప్ప షట్టరు సగం దించి ఊరూరికీ ఫోన్లు కొట్టాడు. ఝరాసంగం నుంచి, మొగుడంపల్లి నుంచి ఆటోలు నిండి వచ్చాయి.

లోపల మహాదేవమ్మ తలస్నానం చేసి, నుదుట విభూతి పెట్టుకుని, ఎడమ అరచేతిలో లింగాన్ని ఉంచుకుని జపం మొదలుపెట్టింది. ఏడుపులు వినబడ్డాయి. పక్క సందులో ఎవరో పోయారనుకుంది. జపం ముగిసేదాకా ఆమె మాట్లాడదు. లోపల ఉక్కపోస్తుంటే, జనం గుంపుగా నారమ్మను ఓదారుస్తున్న సమయంలో, మెల్లగా వచ్చి టెంటు కింది కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుంది.

వీరశైవుల ఇళ్లలో పోయినవాళ్లను పడుకోబెట్టరు. స్నానం చేయించి, విభూతి పెట్టి, అరచేతిలో లింగం ఉంచి, కుర్చీలో కూర్చోబెడతారు. కాబట్టి జనం తిరిగి చూసి, ఇంటివాళ్లెవరో అన్నీ చేశారనుకున్నారు. దండలు పడ్డాయి. జపం మధ్యలో ఆమె కదల్లేదు.

ఆఫీసరు శ్యామలతో జీపు దిగిన మల్లేశ్‌కు నిజం తెలియాలి. కానీ ఆ కుర్చీ, ఆ దండలు చూడగానే అందరికంటే గట్టిగా ఏడ్చింది అతనే. శ్యామల దణ్ణం పెట్టింది. "ఇంత దుఃఖంలో తనిఖీ ఏం చేస్తం మల్లేశ్!" అని వెళ్లిపోయింది.

జీపు మలుపు తిరిగాక మహాదేవమ్మ కళ్లు తెరిచింది. "గీ మందంత ఏందిరా? ఆఫీసరమ్మ ఇంక రాలే?"

నారమ్మ మూర్ఛపోయింది.

ఫైల్లో మాత్రం యజమాని చనిపోయినట్టే ఎక్కింది. మల్లేశ్ ఆమెను ఆఫీసుకు తీసుకుపోతే గుమస్తా ఫైలు చూసి, "ఆమె లేరు," అన్నాడు.

"నీ ముంగటనే కూసున్న గదయ్యా!"

"అది కనబడుతుందమ్మా. రుజువు కావాలె."

బతికున్నట్టు రుజువు కావడానికి ఎండాకాలమంతా పట్టింది. చివరికి శ్యామలే ఫోను చేసింది. సోమవారం మళ్లీ వస్తానంది. ఇప్పుడు కాకపోతే నిధులు వెనక్కి పోతాయంది. ఆ మాట విని మహాదేవమ్మ ఉతికిన చీర తీసి దండెం మీద వేసుకుంది.

సోమవారం తెల్లవారి ఆమె లేవలేదు.

మల్లేశ్ సాల్మన్‌కు ఫోను చేశాడు. "అన్నా... అవ్వకు టెంటు..."

సాల్మన్ నవ్వాడు. "ఎరికే తమ్మీ, ఆఫీసరమ్మ వస్తదంట గద! ఈసారి రంగులది పంపుత, ఫికర్ చెయ్యకు."

"అవ్వ నిజంగనే పోయిందన్నా."

"మల్లొకపారి ఏడిపియ్యకు, నీకు దండం!" ఫోను పెట్టేశాడు.

నారమ్మ గడప దాటలేదు. "అక్కా, జపం అయినంక కేకెయ్యి, ఛాయ్ తెస్త!" అని అక్కడి నుంచే అరిచింది. రేవణసిద్ధప్ప షట్టరు పూర్తిగా ఎత్తే ఉంది. వీరశైవుల పురోహితుడు జంగమయ్య ఒక్కడు వచ్చి, మల్లేశ్‌తో కలిసి ఆమెకు స్నానం చేయించి, దండెం మీది చీర చుట్టి, కుర్చీలో కూర్చోబెట్టాడు. మిగతా పనికి సామాను తేవడానికి పోయాడు. ఎర్రా పచ్చా టెంటు కింద ఏడవడానికి మల్లేశ్ తప్ప ఎవరూ మిగల్లేదు.

శ్యామల వచ్చింది. కుర్చీ ముందు వంగి, నవ్వుతూ గొంతు తగ్గించింది. "పోయినసారి తప్పయింది. ఈసారి మోసపోను. పూజల ఉన్నరు గద?"

మల్లేశ్ ఇంటి వైపు చూశాడు. వాకిలి దూలం నుంచి చెదమట్టి రాలుతోంది. ఆకాశం మబ్బు పట్టింది. అతను పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడినవాడు కాదు.

"పూజలనే ఉన్నది మేడం. లేపొద్దు."

ఆమె చప్పుడు చేయకుండా అన్ని గదులూ తిరిగి, అక్కడే సంతకం పెట్టి, చెప్పులు చేతిలో పట్టుకుని జీపెక్కింది.

వానలు ముదరకముందే నిధులు వచ్చాయి. సర్కారు లెక్కలో మహాదేవమ్మ ఇంకా జపంలోనే ఉంది.